బుల్లెమ్మ ఎడమ కాలు

నెల్లివలస వైమానిక శిక్షణ సంస్థకు ఉన్నది ఒకే ఒక్క విమానం. ఆ విమానానికి ఉన్నవి మూడు కాళ్ళు. అందులో ఎడమ కాలు కారడం మొదలుపెట్టిన సోమవారం నాటికి ఆ సంస్థలో లోపాలను నిషేధించి సరిగ్గా పది నెలలైంది.

లోపాలను నిషేధించడమేమిటి, అవేమైనా సారా ప్యాకెట్లా అని అడక్కండి. రాజధానిలో ఉండే పై కార్యాలయం వారు ఆ ఏడాదిని 'శూన్య లోప సంవత్సరం'గా ప్రకటించారు. ఏ సంస్థవారి లోపాల రిజిస్టరులో ఏడాది పొడుగునా ఒక్క అక్షరం కూడా పడదో ఆ సంస్థకు స్వర్ణ చక్రం, దాని డైరెక్టరుకు శాలువా అన్నారు. విమానాలను బాగా చూసుకోమని వాళ్ళ ఉద్దేశం అయివుండొచ్చు. కాని నెల్లివలసకు వచ్చింది కాగితం ఒక్కటే, ఉద్దేశం దాంతో రాలేదు.

డైరెక్టరు గంటి విశ్వపతిగారు ఆ కాగితాన్ని మూడుసార్లు కూర్చుని చదివి, నాలుగోసారి లేచి నిలబడి చదివారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు జారీ చేశారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ సంవత్సరాంతము వరకు విమానమునందు లోపమున్నదని రాయుట, రాసినవారి లోపముగా పరిగణింపబడును." లోపాల రిజిస్టరును పసుపు గుడ్డలో చుట్టి తమ గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. శుక్రవారం శుక్రవారం అటెండరు దానికి కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేవాడు.

ఇక పైడిరాజు సంగతి. ముప్ఫై ఏళ్ళుగా ఆ హ్యాంగరులో మెకానిక్కు. ఆ నాలుగు సీట్ల విమానానికి బుల్లెమ్మ అని పేరు పెట్టింది అతనే. పొద్దున్నే రాగానే చెప్పులు బయట విడిచి, బుల్లెమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, మూడు కాళ్ళ దగ్గరా వంగి చెయ్యి పెట్టి చూడడం అతని అలవాటు. విమానం కాలంటే మరేం లేదు, గొట్టంలో గొట్టం. లోపల ఎర్ర నూనె, దానిమీద నైట్రోజన్ గాలి. దిగేటప్పుడు నేల తగిలిన దెబ్బను ఆ నూనె, ఆ గాలి మింగేస్తాయి. లోపలి గొట్టం వెండిలా మెరుస్తూ ఎంత బయటికి కనబడుతోందో చూస్తే చాలు, కాలి ఆరోగ్యం తెలిసిపోతుంది. పుస్తకంలో దానికి అంగుళాల లెక్క ఉంది. పైడిరాజుకు అవే నాలుగు వేళ్ళు.

ఆ సోమవారం ఎడమ కాలికి రెండు వేళ్ళే పట్టాయి. చక్రం మీద ఎర్రగా చెమర్చి ఉంది. నేల మీద పావలా కాసంత మరక.

"ఓలమ్మా, కారతన్నావేటే?" అన్నాడు పైడిరాజు.

జరిగిందేమిటో అతనికి చూడగానే తెలిసింది. గొట్టాల మధ్య ఉండే రబ్బరు రింగు అరిగిపోయింది. కొత్త రింగు స్టోరులో ఉంది. ఉండడమేమిటి, స్టోరువాణ్ణి అడిగి తెచ్చి సీలు విప్పని కవరుతో సహా చొక్కా జేబులో పెట్టుకున్నాడు కూడా. మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలెడితే టీ వేళకి అయిపోయే పని. కాని ఒక నియమం ఉంది. లోపం రిజిస్టరులో రాయకుండా విమానం మీద పానా పెట్టకూడదు. ఇది మంచి నియమమే. ఎవడికి తోచింది వాడు విప్పేసి, ఏం విప్పాడో చెప్పకుండా ఇంటికి పోతే, ఆ విమానంలో పైకి వెళ్ళినవాళ్ళ గతేమిటి? పైడిరాజు ముప్ఫై ఏళ్ళలో ఒక్క మర కూడా రాయకుండా బిగించలేదు. నైట్రోజన్ కొంచెం ఎక్కించాలన్నా రాయాల్సిందే.

అంచేత రాద్దామని డైరెక్టరు గారి గదికి వెళ్ళాడు.

"సార్, ఆ రిజిస్టరు ఒక్క పాలి ఇప్పించండి. ఎడమ కాలు కారతంది."

విశ్వపతిగారు చెవులు మూసుకోలేదు గాని, దాదాపు అంత పనీ చేశారు. "ఏమిటా పదజాలం? కారడం ఏమిటి?"

"నూనె సార్. బయటికొచ్చీస్తంది."

"దాన్ని తైల విముక్తి అనండి. స్వచ్ఛంద తైల విముక్తి. ఇప్పుడు చెప్పండి, దానివల్ల ఉత్పన్నమైన పరిస్థితి ఏమిటి?"

"బుల్లెమ్మ ఎడం పక్కకి ఒరిగిపోయింది సార్."

"దేనితో పోలిస్తే ఒరిగింది?"

పైడిరాజు తెల్లబోయాడు. "నేలతో పోలిస్తేనే కదండి."

విశ్వపతిగారి మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచి వచ్చారు. "చూశారా, అక్కడే మీకూ నాకూ తేడా. మన సంస్థలో లోపం లేదని ధ్రువీకరించబడిన వస్తువు ఏది? విమానం. పది నెలల రిజిస్టరే సాక్ష్యం. నేలకు అటువంటి రిజిస్టరు ఏదైనా ఉందా? లేదు. లోపం లేని వస్తువుకూ, ఉందో లేదో తెలియని వస్తువుకూ మధ్య తేడా వస్తే దోషం ఎవరిది? నేలది!"

"సార్, రింగు నా జేబులోనే ఉంది. రెండు గంటల పని..."

"పైడిరాజు గారూ, విమానం జోలికి వెళ్ళకండి. నేలను సరిచేయిద్దాం. సివిల్ విభాగం ఉన్నది ఎందుకు?"

సివిల్ విభాగమంటే అసిస్టెంటు ఇంజినీరు తవిటినాయుడు. మనిషి మంచివాడే, ఉత్తర్వు వస్తే సముద్రానికైనా సున్నం వేయిస్తాడు. నీళ్ళు నింపిన ట్యూబు పట్టుకుని వచ్చి, హ్యాంగరు నేలంతా మట్టం చూసి, "బల్లపరుపుగా ఉందండి. వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు.

"దేనితో చూశారు?" అన్నారు విశ్వపతిగారు.

"నీళ్ళతోనండి."

"నీరు జలవనరుల శాఖ పరిధిలోనిది. మనది వైమానిక శాఖ. విమానంతో చూడండి."

తవిటినాయుడు విమానంతో చూశాడు. విమానం ప్రకారం నేల ఎడమవైపు అంగుళమున్నర పల్లంగా ఉన్న మాట నిజమే. మూడు రోజుల్లో బుల్లెమ్మ ఎడమ చక్రం కింద అంగుళమున్నర ఎత్తున సిమెంటు గట్టు లేచింది. ట్రాక్టరుతో లాగి దాని మీద నిలబెట్టారు. బుల్లెమ్మ తిన్నగా నిలబడింది. విశ్వపతిగారు కొబ్బరికాయ కొట్టి, ఫొటో తీయించి, "సమస్య నేలస్థాయిలోనే పరిష్కరించబడింది" అని పై కార్యాలయానికి రాశారు.

సిమెంటు ఆరింది గాని కాలు ఆగదు కదా. వారం తిరిగేసరికి రెండు వేళ్ళు ఒక వేలయింది. గట్టు మీద ఇంకో అరంగుళం వేశారు. పై వారం ఆ ఒక్క వేలూ పోయింది. గొట్టం గొట్టంలోకి పూర్తిగా దిగిపోయి, వెండి మెరుపన్నదే కనబడలేదు. ఇంకో అంగుళం వేసి మూడు అంగుళాలకు తెచ్చారు. "ఇంక దిగడానికి కాలు మిగల్లేదు కాబట్టి పరిస్థితి స్థిరీకరించబడింది" అన్నారు విశ్వపతిగారు. కారిన నూనె కనబడకుండా కాలి పక్కన ఒక క్రోటన్ కుండీ పెట్టించారు. పాపం ఆ క్రోటన్ ఎర్ర నూనె తాగి తొమ్మిదో రోజున చచ్చింది. మొక్కలకు శూన్య లోప సంవత్సరం వర్తించదు గనక ఆ చావు మాత్రం రికార్డులో రాశారు.

ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు, యామిని లేకపోతే.

యామిని ఆ ఏటి శిక్షణార్థి. తల్లి సర్కారు ఆసుపత్రిలో నర్సు. తోటివాళ్ళంతా ఒంటరిగా విమానం నడిపే పరీక్ష ముందే పూర్తి చేసి వెళ్ళిపోయారు. టైఫాయిడ్‌తో నెల్లాళ్ళు మంచం పట్టిన ఈ పిల్ల ఒక్కతే మిగిలిపోయింది. డిసెంబరు ముప్ఫైలోగా ఒంటరిగా ఎగిరి దిగకపోతే చదివిందంతా మురిగిపోతుంది, మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలు. రోజూ సైకిలు మీద వచ్చి హ్యాంగరు గుమ్మంలో నిలబడేది.

"బాబాయ్ గారూ, ఎప్పటికి రెడీ అవుతుంది?"

"గట్టు రెడీ అయ్యిందమ్మా. కాలే అవనేదు" అనేవాడు పైడిరాజు.

ఒకరోజు ఆ పిల్లను బుల్లెమ్మ పక్కన కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "సూడమ్మా, పైకి ఎల్లడానికి ఏటీ అవదు. దిగినప్పుడే గొడవ. కాల్లో నూనె నేదు, గాలి నేదు. నేల కొట్టిన దెబ్బ తిన్నగా రెక్కకి పోతాది. కాలు ఇరిగిందనుకో, రెక్క నేలకి తగిలి బొంగరంలాగ తిరిగిపోతావు. అందికే నేను సంతకం పెట్టనేదు. నా మీద కోపం ఉంటే ఉండనీ."

"కోపం లేదు. భయంగా ఉంది" అంది యామిని. బుల్లెమ్మ రెక్క వైపు చూసి, "ఎగరకపోతే ఇంకా భయంగా ఉంది" అంది. పైడిరాజు జేబు మీద చెయ్యి వేసుకుంటే రింగు కవరు గరగరలాడింది.

ఎగిరే ముందు మెకానిక్కు సంతకం ఉండాలి. దాని గురించి విశ్వపతిగారు రెండుసార్లు పిలిపించి మాట్లాడారు. "మిమ్మల్ని విమానం బాగుందని సంతకం పెట్టమనడం లేదు. రిజిస్టరులో లోపమేదీ నమోదు కాలేదని పెట్టండి. అది సత్యమే కదా?"

"మీరు రాయనిస్తే కదా సార్, నమోదయ్యేది."

"నేనూ అదే అంటున్నాను. నమోదు కాలేదు."

పైడిరాజు పెట్టలేదు. విశ్వపతిగారికి కోపం రాలేదు, వస్తే బావుండేది. ప్రశాంతంగా ఒక మాట చెప్పారు. ముప్ఫయ్యో తారీఖున స్వర్ణ చక్రం కమిటీ వస్తోంది. వాళ్ళ ఎదుట యామిని ఎగురుతుంది. ఆ పొద్దుటికి పైడిరాజు సంతకం లేకపోతే వేరే జిల్లా నుంచి ఒక మెకానిక్కును డెప్యుటేషన్ మీద రప్పిస్తారు. ఆయనకు రిజిస్టరు చూపిస్తారు, విమానం చూపించరు. ఆ మాటతో పైడిరాజుకు ఆ పూట అన్నం సయించలేదు.

ఈలోగా నేల పని ఆగలేదు. హ్యాంగరులో తిన్నగా ఉన్న విమానం బయటికి రాగానే ఒరుగుతోంది మరి. అంచేత హ్యాంగరు గుమ్మం నుంచి రన్‌వే దాకా దారిలో ఎడమ సగం మూడంగుళాలు లేపారు. తర్వాత రన్‌వే కూడా. మధ్య గీతకు అటు ఎడమ సగం ఎత్తు, ఇటు కుడి సగం మామూలు. రెండు రోడ్డు రోలర్లు రాత్రనక పగలనక తిరిగాయి. విమానం గీత మీద నడిస్తే ఎడమ చక్రం గట్టు మీద, కుడి చక్రం కింద, విమానం తిన్నగా. తవిటినాయుడు రేఖా చిత్రం గీసి మరీ చూపించాడు.

ప్రారంభోత్సవం రోజున షామియానా వేసి, దారికి కుడి పక్కన కర్రలు పాతి బంతిపూల దండలు కట్టారు. ట్రాక్టరు బుల్లెమ్మను మెల్లగా లాగింది. తూర్పుకు పోయినంతసేపూ బుల్లెమ్మ పెళ్ళికూతురిలా తలెత్తుకునే నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. రన్‌వే చివర ట్రాక్టరు తిరిగింది, బుల్లెమ్మ తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు, ఎత్తు సగం కుడి చక్రం కిందికి వచ్చింది. ఉన్న వాలు మూడంగుళాలు, కట్టిన వాలు మూడంగుళాలు. బుల్లెమ్మ ఆరంగుళాలు పక్కకి ఒరిగి, రెక్క కొసతో కర్రల్ని, బంతిపూల దండల్ని ఒకదాని తర్వాత ఒకటి తెంపుకుంటూ వచ్చి, షామియానా ముందు ఆగింది. కొసకి వేలాడుతున్న ఆఖరి దండ విశ్వపతిగారి ఒళ్ళో పడింది.

ఎవరైనా ఇక్కడితో ఆగేవారు. విశ్వపతిగారు దండను మెళ్ళో వేసుకుని, "ఇది దిశకు సంబంధించిన సమస్య" అన్నారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఇకమీదట విమానము తూర్పు దిశగా మాత్రమే పయనించవలెను. తిరుగు ప్రయాణమున విమానము ముఖము తూర్పునకే ఉంచి, వెనుకకు నెట్టుకొని రావలెను."

"గాలి అటూ ఇటూ మారతాది కదా సార్? గాలికి ఎదురెల్లి దిగాలి. తూర్పుకే దిగాలంటే ఎలాగ?" అన్నాడు పైడిరాజు.

"గాలి వాతావరణ శాఖ పరిధి. వారికి లేఖ రాస్తున్నాను."

అలా ఎనిమిది మంది కూలీలు రోజూ పొద్దున్నే బుల్లెమ్మను వెనక్కి నెట్టే రిహార్సలు మొదలుపెట్టారు. హైలెస్సా అనుకుంటూ వాళ్ళు నెడుతుంటే, పక్కన నడుస్తూ పైడిరాజు, "ఏటి సేస్తాం బుల్లెమ్మా, నీ కర్మ" అనుకునేవాడు.

డిసెంబరు ఇరవై ఎనిమిదిన విశ్వపతిగారు కమిటీ వారిని తోడ్కొని రావడానికి రాజధానికి వెళ్ళారు. అదే రోజు మధ్యాహ్నం పైడిరాజు హ్యాంగరు పక్కన కుళాయి దగ్గర అన్నం గిన్నె కడుక్కుంటున్నాడు. ఆ కుళాయి పొద్దున్నదాకా కారుతూనే ఉంది. ఇప్పుడు కారడం లేదు.

"ఇదెవడు బాగుచేశాడ్రా?" అని అడిగితే, "సివిల్ ఫిర్యాదు పుస్తకంలో రాశామండి. ప్లంబరొచ్చి గంటలో వాషరు మార్చీసినాడు" అన్నాడు వాచ్‌మన్.

పైడిరాజు గిన్నె అక్కడే వదిలేశాడు. తడి చేతులతోనే తవిటినాయుడి గదికి పరుగెత్తాడు.

"నాయుడు గారూ, మీ ఫిర్యాదు పుస్తకంలో ఎవులైనా రాయొచ్చా?"

"రాయొచ్చు. ఏటి కారతంది?"

"హ్యాంగర్లో మీరు కట్టిన గట్టుంది కదా, దాని మీద ఒక స్తంభం కారతంది."

తవిటినాయుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గట్టు మీద నేను స్తంభం కట్టలేదే?"

"కట్టనేదు. కాని గట్టు మీద నిలబడింది. పైన బరువు మోస్తంది. కిందకి పోతే నేల, పైకి పోతే ఇమానం. దాన్ని మీ భాషలో ఏటంటారు?"

"స్తంభమే అంటాం" అన్నాడు తవిటినాయుడు. అనేసి, పైడిరాజు మొహంలోకి చూశాడు. మూడంగుళాల రన్‌వే వేయించిన మనిషి, ఏం ఆలోచించుకున్నాడో. "ఆ పిల్ల ఎల్లుండి ఎగరాల కదూ?" అన్నాడు.

"ఎగరాల."

"వాటర్‌ప్రూఫింగు పనా, ప్లంబింగు పనా?"

"ప్లంబింగే బాబూ. వాషరు మార్చాలి, అంతే."

తవిటినాయుడు పుస్తకం తీసి అతని ముందుకు తోశాడు. పైడిరాజు ఒక్క అబద్ధం రాయలేదు. ఏ గొట్టం, ఏ రింగు, ఎంత నూనె, ఎంత గాలి, అన్నీ వివరంగా రాశాడు. రాసి పని చెయ్యాలన్నది నియమం. ఏ పుస్తకమన్నది మాత్రం ఆ ఒక్కసారికి చూసీచూడనట్లు ఊరుకున్నాడు. కింద తవిటినాయుడు, "స్తంభం కారుట అరికట్టుటకు ఒక వాషరు మార్చుటకు అనుమతించడమైనది. పని నిపుణునిచే చేయించవలెను" అని రాసి ముద్ర వేశాడు.

ఆ తర్వాతి మూడు గంటలూ పైడిరాజు బుల్లెమ్మను వదల్లేదు. ఎడమ రెక్క కింద జాకీ పెట్టి చక్రాన్ని గాల్లోకి లేపాడు. వాల్వు నొక్కితే మిగిలిన కాస్త గాలీ బుస్సుమంది. కింద బేసిన్ పెట్టి మురికి నూనె వంపాడు. గొట్టంలోంచి గొట్టం లాగి, గుడ్డతో తుడిచి, వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. గీత లేదు, తుప్పు లేదు, బతికాం. పాత రింగు చప్పిడైపోయి ఒక చోట గాటు పడి ఉంది. దాన్ని ఊడదీసి, రెండు నెలలుగా జేబులో ఉన్న కవరు చింపాడు. కొత్త రింగును ఎర్ర నూనెలో ముంచి, ఇనప ముక్క తగలనీయకుండా బొటనవేలితో నొక్కుకుంటూ గాడిలో కూర్చోబెట్టాడు. గొట్టాలు కలిపి, కొత్త నూనె పోసి, బుడగలు ఆగేదాకా కాలిని పైకీ కిందికీ ఆడించాడు. నైట్రోజన్ సిలిండరు తెచ్చి గాలి ఎక్కించాడు. జాకీ దించి బుల్లెమ్మను గట్టు దింపి, బయట సమతలం మీదికి లాగి, రెక్క పట్టుకుని ఊపాడు. కాలు దిగింది, లేచింది.

వంగి చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూనె పడింది కంట్లో" అన్నాడు, చూస్తున్న తవిటినాయుడితో.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున్నే పైడిరాజు బుల్లెమ్మను రన్‌వే చివరికి లాక్కుపోయి నిలబెట్టాడు. డెప్యుటేషన్ మెకానిక్కు వచ్చేసరికే కాగితం మీద పైడిరాజు సంతకం ఉంది. విశ్వపతిగారు అది చూసి, "దారికొచ్చారు. సంతోషం" అని భుజం తట్టారు. కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ, తక్కువ మాటల మనిషి. హ్యాంగరులో కుర్చీ వేస్తే కూర్చుంది.

పైడిరాజు యామిని సీటు బెల్టు సరిచూస్తూ చెప్పాడు. "అమ్మా, మధ్య గీత మీద మాత్రం ఎల్లకు. కుడి సగంలోనే ఎగురు, కుడి సగంలోనే దిగు. అది దేవుడిచ్చిన నేల, తిన్నగా ఉంది. కాలి గురించి బెంగెట్టుకోకు."

"నాలుగు వేళ్ళా?" అంది యామిని.

"నాలుగు."

యామిని ఎగిరింది. ఊరి మీద ఒక చుట్టు తిరిగింది. అందరూ మెడలెత్తి చూస్తుంటే, పైడిరాజు ఒక్కడూ రన్‌వే వైపే చూస్తూ నిలబడ్డాడు. విమానం దిగింది. కుడి సగంలో ఎడమ చక్రం తాకింది, కుడి చక్రం తాకింది. ఎడమ కాలు రెండు వేళ్ళకు కుంగి, బుస్సుమని నాలుగు వేళ్ళకు లేచింది. పైడిరాజు అప్పుడు ఊపిరి వదిలాడు. ఆ వదలడం పక్కనున్న వాచ్‌మన్‌కు కూడా వినిపించింది.

కథ ఇక్కడ ముగిస్తే బావుండును. కాని విశ్వపతిగారికి ఫొటో కావాలి. ఎనిమిది మంది కూలీలూ హైలెస్సా అంటూ బుల్లెమ్మను వెనక్కి నెట్టుకొచ్చి, హ్యాంగరులో ఆ గట్టు మీదే, ఆ చోటులోనే నిలబెట్టారు. విశ్వపతిగారు శాలువా కోసం మెడ సవరించుకుంటూ విమానం ముందుకొచ్చి నిలబడ్డారు.

"విశ్వపతి గారూ, మీ విమానం కుడి పక్కకి ఒరిగిపోయిందేం?" అన్నారు అధ్యక్షురాలు.

విశ్వపతిగారు వెనక్కి తిరిగి చూశారు. నిజంగానే బుల్లెమ్మ కుడివైపుకు మూడంగుళాలు వాలి ఉంది. ఆయన మొహంలో రంగులు మారాయి. "అసంభవం! రెండు నెలలుగా ఇదే స్థానంలో తిన్నగా నిలబడింది. నేల ధ్రువీకరించబడిన నేల! నేను దగ్గరుండి వేయించాను!" అటూ ఇటూ చూసి, అప్పుడే హెల్మెట్ లాంటి ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తీస్తున్న యామిని మీద దృష్టి నిలిపారు. "ఈ అమ్మాయి దించడంలో దెబ్బ కొట్టింది. విమానం పాడైంది. ఈమెను ఉత్తీర్ణురాలిగా ప్రకటించడానికి వీల్లేదు!"

పైడిరాజు ముందుకొచ్చాడు. రక్తం ఉడికిపోతోంది గాని, చేతులు కట్టుకునే మాట్లాడాడు.

"పాడయ్యిందా సార్? అయితే రాయాలి కదండి. నోటితో సెప్తే పరీక్ష పోదు. రిజిస్టరులో రాస్తేనే పోతాది."

"రాస్తాను! ఎందుకు రాయను?" అన్నారు విశ్వపతిగారు. "ఎవరక్కడ, రిజిస్టరు!"

అటెండరు పసుపు గుడ్డతో సహా తెచ్చాడు. కుంకుమకు, అగరొత్తి పొగకు అంటుకుపోయిన కాగితాలను ఊడదీసి, విశ్వపతిగారు ఆవేశంగా మొదటి పేజీలో స్వహస్తాలతో రాశారు. "శిక్షణార్థి అజాగ్రత్తగా దించినందున విమానము యొక్క ఎడమ కాలు కుడి కాలి కన్న ఎత్తుగా ఉన్నట్టు గమనించడమైనది." తేదీ వేసి సంతకం పెట్టారు.

అధ్యక్షురాలు లేచి వచ్చి, ఆ అక్షరాలు చదివి, "లోపం సంఖ్య ఒకటి" అన్నారు. అప్పుడు తట్టింది విశ్వపతిగారికి. శాలువా పట్టుకున్న మనిషి మెల్లగా దాన్ని మడతపెట్టడం మొదలెట్టాడు.

"సరిచేసిన విధానం అని రెండో గడి ఉంది. అది ఎవరు నింపాలి?" అన్నారు అధ్యక్షురాలు.

"నేనే అమ్మా" అన్నాడు పైడిరాజు. ముందు ఎడమ కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత కుడి కాలి దగ్గరకెళ్ళి చూశాడు. తర్వాత ఆవిడ కూడా వంగి తన నాలుగు వేళ్ళు రెండు కాళ్ళకూ ఆనించి చూసుకుంది. ఏమీ అనకుండా కలం తీసి అతనికి అందించింది.

పైడిరాజు నెమ్మదిగా, కొట్టివేతలు లేకుండా రాశాడు. "రెండు కాళ్ళూ పరిశీలించాను. చెరి నాలుగు వేళ్ళు. దించిన పిల్ల బాగా దించింది. విమానంలో లోపం లేదు. నేలను మూడంగుళాలు దించవలెను."

కింద సంతకం పెట్టాడు. ఆ రిజిస్టరులో ఆ ఏడాది అతను పెట్టిన మొదటి సంతకం కదా, కొంచెం పెద్దదిగానే పెట్టాడు.